ఫోటో ఫైలు సైజు తగ్గించడం: ఏది వదులుకోవచ్చు, ఏది వదులుకోకూడదు

ఫైలు బరువు ఎక్కడి నుంచి వస్తుంది

డిజిటల్ ఫోటో అంటే పిక్సెళ్ల పట్టిక. ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు ఎంతెంతో చెప్పే మూడు అంకెలుంటాయి. అంకెకు ఒక బైటు చొప్పున పిక్సెల్‌కు మూడు బైట్లు పడతాయి. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ కెమెరా తీసే ఫోటో కొలత మామూలుగా 4000 × 3000. అంటే కోటీ 20 లక్షల పిక్సెళ్లు, 3 కోట్ల 60 లక్షల బైట్లు, దాదాపు 36 ఎంబీ. గ్యాలరీలో అదే ఫోటో మూడు నాలుగు ఎంబీలే చూపిస్తుందంటే, తీసిన మరుక్షణమే ఫోన్ దాన్ని కుదించి దాచిందన్నమాట.

అలా కుదించాక కూడా అది వెబ్ పేజీకి పెద్దదే. అలాంటివి పది పెట్టిన పేజీ తెరవాలంటే 30, 40 ఎంబీలు దిగాలి. సిగ్నల్ సరిగా అందని ఊళ్లో ఆ పేజీ సగంలోనే ఆగిపోతుంది. చూసేవారి రోజువారీ డేటాలో పెద్ద ముక్క దానికే పోతుంది. సైటు నడిపేవారికి హోస్టింగ్ ఖర్చు పెరుగుతుంది.

ఫైలు సైజును ప్రధానంగా నాలుగు విషయాలు నిర్ణయిస్తాయి: పిక్సెళ్ల సంఖ్య, ఫార్మాట్, నాణ్యత స్థాయి, ఫోటోతో పాటు ఫైల్లో దాగి ఉండే అదనపు సమాచారం. వీటికి తోడు బొమ్మలో ఏముందన్నదీ లెక్కలోకి వస్తుంది. కొలత, నాణ్యత ఒకటే అయినా, ఖాళీ ఆకాశం ఫోటో కంటే ఆకులు దట్టంగా ఉన్న వేపచెట్టు ఫోటో చాలా పెద్ద ఫైలవుతుంది. సైజు తగ్గించడమంటే ఏది పోయినా ఫర్వాలేదో తేల్చుకోవడమే. ముందు కొలత, తర్వాత ఫార్మాట్, ఆ తర్వాతే నాణ్యత అనే వరుసలో తేల్చుకుంటే కంటికి కనిపించే నష్టం అతి తక్కువగా ఉంటుంది. చాలామంది నేరుగా నాణ్యత తగ్గించడంతో మొదలుపెడతారు. ఫోటోలు పాడయ్యేది ఎక్కువగా అక్కడే.

ముందు కొలత

అన్నిటికన్నా పెద్ద లాభం పిక్సెళ్లు తగ్గించడంలోనే ఉంది. పొడవు, వెడల్పులను సగం చేస్తే పిక్సెళ్లు నాలుగో వంతుకు పడిపోతాయి. 4000 × 3000 ఫోటోను 1200 × 900కు తగ్గిస్తే మిగిలేవి 10,80,000 పిక్సెళ్లు, అసలులో 9 శాతం. ఫుల్ హెచ్‌డీ తెర మొత్తంలో ఉండేవే సుమారు 20 లక్షల 74 వేల పిక్సెళ్లు కాబట్టి, పేజీలో ఒక భాగంగా కనిపించే ఫోటోకు అంతకు మించి పంపినా తెర వాటిని చూపించలేదు.

ఎంతకు తగ్గించాలన్నది ఫోటో కనిపించే చోటును బట్టి ఉంటుంది. వ్యాసం మధ్యలో 600 పిక్సెళ్ల వెడల్పు స్థలం ఉందనుకుంటే, మామూలు తెరకు 600 చాలు. ఇప్పటి ఫోన్ల తెరల్లో పిక్సెళ్లు మరింత దగ్గరగా ఉంటాయి కాబట్టి వాటికి రెట్టింపు, అంటే 1200 ఇవ్వడం వాడుక. కొలత తగ్గించే ముందే అక్కర్లేని అంచులను క్రాప్ చేస్తే పిక్సెళ్లన్నీ ముఖ్యమైన విషయానికే దక్కుతాయి.

డీపీఐ విషయంలో ఒక అపోహ పాతుకుపోయింది. వెబ్ ఫోటోను 72 డీపీఐకి మార్చాలని చాలాచోట్ల చెబుతారు. డీపీఐ అనేది కాగితం మీద అంగుళానికి ఎన్ని చుక్కలు పడాలో ప్రింటర్‌కు చెప్పే సూచన మాత్రమే. 4000 × 3000 ఫోటోలో ఆ అంకెను 300 నుంచి 72కు మార్చినా పిక్సెళ్లు అన్నే ఉంటాయి, ఫైలు సైజు మారదు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఆ అంకె మార్చగానే పిక్సెళ్లు కూడా తగ్గుతాయి. సైజు తగ్గేది అందువల్లే.

కొలత తగ్గించేటప్పుడు సాఫ్ట్‌వేర్ పక్కపక్క పిక్సెళ్లను కలిపి కొత్త పిక్సెల్ విలువ లెక్కగడుతుంది. బైక్యూబిక్, లాంజోస్ వంటి పద్ధతులు ఈ పని బాగా చేస్తాయి. ఫోటో కాస్త మెత్తబడినట్టు అనిపిస్తే కొద్దిగా షార్పెన్ చేస్తే సరిపోతుంది. అతిగా చేస్తే అంచులు గరుకుగా మారి, ఫైలు మళ్లీ పెరుగుతుంది.

నష్టం లేని కుదింపు, నష్టంతో కుదింపు

కుదింపు రెండు రకాలు. నష్టం లేని కుదింపులో ఫైలు విప్పినప్పుడు ప్రతి పిక్సెల్ ఉన్నదున్నట్టు తిరిగి వస్తుంది. వరుసగా వెయ్యి తెల్ల పిక్సెళ్లుంటే వాటిని వెయ్యిసార్లు రాయకుండా ‘తెలుపు, వెయ్యి’ అని రాసినట్టు, ఇది పునరుక్తిని మాత్రమే తొలగిస్తుంది. పీఎన్‌జీ ఈ కోవలోది. లోగోలు, స్క్రీన్‌షాట్లు, పటాలు, గ్రాఫుల వంటి వాటిలో ఒకే రంగు పెద్ద ప్రాంతాలను పరచుకుని ఉంటుంది కాబట్టి అక్కడ ఇది బాగా పనిచేస్తుంది.

కెమెరా ఫోటోలో పక్కపక్క పిక్సెళ్లు దగ్గరగా ఉన్నా ఒకేలా ఉండవు. అందుకే ఫోటోను పీఎన్‌జీలో దాస్తే జేపెగ్ కంటే ఎన్నో రెట్లు పెద్దదవుతుంది. ఇక్కడ నష్టంతో కుదింపు అవసరమవుతుంది. కంటికి ఆనని వివరాన్ని ఇది శాశ్వతంగా వదిలేస్తుంది. ఎంత వదలాలన్నది వాడేవారి చేతిలో ఉంటుంది.

జేపెగ్ లోపల జరిగేది

మూడు దశాబ్దాలుగా వెబ్ ఫోటోలకు ఆధారం జేపెగ్. దీన్ని రూపొందించిన నిపుణుల సంఘం 1986లో ఏర్పడింది, ప్రమాణం 1992లో వెలువడింది. దాని గుండెకాయ డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అనే గణిత పద్ధతి. బెంగళూరులో పుట్టి అమెరికాలో ఆచార్యుడైన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావులు 1974లో దాన్ని ప్రచురించారు.

జేపెగ్ మొదట ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలను వెలుతురు, రంగు అనే భాగాలుగా విడదీస్తుంది. మనిషి కన్ను వెలుతురులోని తేడాలను పసిగట్టినంత సూక్ష్మంగా రంగులోని తేడాలను పసిగట్టలేదు. కాబట్టి చాలా సాఫ్ట్‌వేర్లు వెలుతురును పూర్తిగా ఉంచి, ప్రతి నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు సమాచారం దాస్తాయి. 4:2:0 అనే గుర్తుకు అర్థం ఇదే. ఈ ఒక్క అడుగుతో సమాచారం సగమవుతుంది.

తర్వాత బొమ్మను 8 × 8 పిక్సెళ్ల గడులుగా కోసి, కొసైన్ పద్ధతితో ప్రతి గడిని 64 అంకెలుగా మారుస్తుంది. మొదటి అంకె ఆ గడి సగటు వెలుతురును చెబుతుంది. మిగతావి మోటు మార్పుల నుంచి అతి సన్నని మార్పుల దాకా వరుసగా ఉంటాయి. ఆ అంకెలను ఒక పట్టికలోని విలువలతో భాగించి పూర్ణాంకాలకు సవరిస్తారు. సన్నని మార్పులను చెప్పే అంకెల్లో చాలా భాగం ఇక్కడ సున్నాలైపోతాయి. కంటికి కనిపించే నష్టం ముఖ్యంగా జరిగేది ఈ దశలోనే. ‘క్వాలిటీ’ అని కనిపించే అంకె ఈ పట్టికను మారుస్తుంది. చివరగా, డేవిడ్ హఫ్‌మన్ 1952లో ప్రతిపాదించిన సంకేత పద్ధతితో, తరచూ వచ్చే విలువలకు చిన్న సంకేతాలిచ్చి ఫైలు రాస్తారు.

ఈ పద్ధతి బలహీనతలు కూడా ఇందులోంచే పుడతాయి. నాణ్యత మరీ తగ్గిస్తే 8 × 8 గడుల అంచులు బయటపడతాయి. ఆకాశంలో రంగు మెట్లుమెట్లుగా విడిపోతుంది. అక్షరాల చుట్టూ, నల్లని గీతల చుట్టూ మసక మరకలు చేరతాయి. ఒకసారి కుదించిన జేపెగ్‌ను తెరిచి, మార్చి, మళ్లీ జేపెగ్‌గా దాచిన ప్రతిసారీ సాధారణంగా నష్టం మరికొంత పెరుగుతుంది.

ఫార్మాట్ల వరుస

గిఫ్‌ను 1987లో కంప్యూసర్వ్ సంస్థ తెచ్చింది. ఇందులో ఒక చిత్రానికి 256 రంగులే. ఫోటోలకు పనికిరాదు, కదిలే బొమ్మలకే ఇప్పటికీ వాడుతున్నారు. అక్కడ కూడా అదే దృశ్యాన్ని చిన్న ఎంపీ4 వీడియోగా మారిస్తే సాధారణంగా గిఫ్‌లో కొద్ది వంతుకే వస్తుంది. గిఫ్ వాడే కుదింపు పద్ధతిపై యూనిసిస్ సంస్థ పేటెంటు వివాదం రేగడంతో, ప్రత్యామ్నాయంగా 1996లో పీఎన్‌జీ వచ్చింది. దీనిలో లక్షల రంగులు, పారదర్శకత రెండూ ఉన్నాయి. రంగులు తక్కువగా ఉన్న పీఎన్‌జీని 256 రంగుల పట్టికకు కుదించే పీఎన్‌జీక్వాంట్ వంటి పరికరాలు తరచూ సైజును సగానికి పైగా తగ్గిస్తాయి. అయితే అప్పుడు అది నష్టం లేని కుదింపు కాదు.

వెబ్‌పీని గూగుల్ 2010లో ప్రకటించింది. నష్టంతోనూ, నష్టం లేకుండానూ కుదించగలదు, పారదర్శకతా ఉంటుంది. సమాన నాణ్యత గల జేపెగ్ కంటే 25 నుంచి 34 శాతం, పీఎన్‌జీ కంటే 26 శాతం చిన్నదవుతుందని గూగుల్ లెక్క. 2020లో సఫారీ కూడా చేర్చుకోవడంతో ప్రధాన బ్రౌజర్లన్నిటా చెల్లుబాటైంది. ఏవీఐఎఫ్ 2019లో వచ్చింది. ఏవీ1 అనే వీడియో పద్ధతి దీనికి ఆధారం. తక్కువ సైజులోనూ ఫోటో శుభ్రంగా నిలబడటంలో ఇది వెబ్‌పీని మించుతుంది, కాకపోతే ఫైలు తయారుకావడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. క్రోమ్ 2020లో, ఫైర్‌ఫాక్స్ 2021లో, సఫారీ 2022లో దీన్ని స్వీకరించాయి.

యాపిల్ 2017లో ఐఓఎస్ 11తో ఐఫోన్ ఫోటోలను హెచ్‌ఈఐసీలో దాచడం మొదలుపెట్టింది. ఫోన్‌లో స్థలం ఆదా అవుతుంది. సఫారీ తప్ప చాలా బ్రౌజర్లు దాన్ని చూపించవు, చాలా ఆన్‌లైన్ ఫారాలు తీసుకోవు. పంపేముందు జేపెగ్‌కు మార్చడమో, కెమెరా సెట్టింగ్స్‌లోనే జేపెగ్ ఎంచుకోవడమో అవసరం. 2022లో ప్రమాణమైన జేపెగ్ ఎక్స్‌ఎల్, పాత జేపెగ్ ఫైళ్లను ఏ నష్టమూ లేకుండా సుమారు 20 శాతం తగ్గించగలదు. అయితే 2023లో క్రోమ్ దాని ప్రయోగాత్మక మద్దతును తీసేసింది, అదే ఏడాది సఫారీ చేర్చుకుంది. బ్రౌజర్లు ఒక దారికి రానిదే వెబ్‌లో ఏ ఫార్మాట్ కూడా స్థిరపడదు.

లోగోలు, చిహ్నాలు, రేఖాచిత్రాలకు పిక్సెళ్లే అక్కర్లేదు. ఎస్‌వీజీ ఫైలు గీతలను గణిత వర్ణనగా దాస్తుంది. అందువల్ల ఏ కొలతకు పెంచినా చెదరదు, సాదా లోగో కొద్ది కేబీలకు మించదు.

నాణ్యత ఎంత ఉంచాలి

జేపెగ్ నాణ్యతకు విశ్వవ్యాప్తమైన కొలమానం లేదు. ఒక సాఫ్ట్‌వేర్‌లోని 80 మరో దానిలోని 80తో సమానం కాదు. వెబ్‌పీ, ఏవీఐఎఫ్ అంకెలు అసలే వేరు. విస్తృతంగా వాడే లిబ్‌జేపెగ్‌లో ముందుగా ఉండే విలువ 75. వెబ్ ఫోటోలకు 75 నుంచి 85 మధ్య ఉంచడం వాడుక. 90 దాటాక సైజు వేగంగా పెరుగుతుంది, కంటికి తెలిసే మెరుగు మాత్రం స్వల్పం. ముఖాలు, మెత్తని నేపథ్యాలు ఉన్న ఫోటోలో నష్టం త్వరగా కనిపిస్తుంది. జనసందోహం, పంటచేను వంటి ఫోటోల్లో అదే నష్టం వివరాల మధ్య కలిసిపోతుంది.

నష్టాన్ని అంకెల్లో కొలిచే పద్ధతుల్లో పీఎస్‌ఎన్‌ఆర్ పాతది. అది పిక్సెళ్ల తేడానే చూస్తుంది. 2004లో వచ్చిన ఎస్‌ఎస్‌ఐఎం కంటికి తెలిసే ఆకృతిని లెక్కలోకి తీసుకుంటుంది. వేల ఫోటోలున్న సంస్థకు ఈ కొలతలు ఉపయోగం. ఒకటి రెండు ఫోటోలకైతే అసలును, కుదించినదాన్ని పక్కపక్కన పెట్టి, చూపించే కొలతలోనే చూస్తే చాలు. బ్రౌజర్‌లో నడిచే స్క్వూష్ ఇలా మధ్యగీత జరుపుతూ పోల్చే వీలిస్తుంది, ఫోటోను సర్వర్‌కు పంపకుండా కంప్యూటర్‌లోనే పని ముగిస్తుంది. ఆధార్, బ్యాంకు పత్రాల వంటివాటిని ఎక్కడివో తెలియని ఆన్‌లైన్ కంప్రెసర్లలో ఎక్కించడం కంటే ఇలాంటివి, లేదా జింప్, ఇమేజ్‌మ్యాజిక్ వంటి సొంత కంప్యూటర్‌లో పనిచేసే సాఫ్ట్‌వేర్లు క్షేమం. మొజిల్లా 2014లో విడుదల చేసిన మోజ్‌జేపెగ్, మామూలు జేపెగ్‌నే మరింత పొదుపుగా రాస్తుంది. ఆ ఫైలు ఎక్కడైనా తెరుచుకుంటుంది.

ఫోటోతో పాటు వెళ్లే సమాచారం

కెమెరా ఫైల్లో ఎగ్జిఫ్ అనే భాగం ఉంటుంది. తీసిన తేదీ, సమయం, కెమెరా పేరు, లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశ రేఖాంశాలు, తరచూ ఒక చిన్న నమూనా చిత్రం కూడా అందులో చేరతాయి. ఇవి సాధారణంగా కొన్ని పదుల కేబీలే. నాలుగు ఎంబీల ఫోటోలో లెక్కకు రావు గానీ 30 కేబీల చిన్న చిత్రంలో పెద్ద వాటాయే. సైజు కంటే గోప్యత దృష్ట్యా వీటిని తీసేయడం ముఖ్యం: ఇంట్లో తీసిన ఫోటో ఇంటి చిరునామా చెప్పగలదు.

ఈ సమాచారాన్ని తొలగించేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. ఫోన్‌ను అడ్డంగా పట్టుకున్నారో నిలువుగా పట్టుకున్నారో ఎగ్జిఫ్‌లోనే రాసి ఉంటుంది. ఫోటోను సరైన వైపుకు తిప్పకుండా దాన్ని తొలగిస్తే చిత్రం పక్కకు పడిపోయి కనిపిస్తుంది. ఇక కలర్ ప్రొఫైల్: విస్తృత రంగుల ఫోటోను ఎస్‌ఆర్‌జీబీకి మార్చకుండా ప్రొఫైల్ తీసేస్తే రంగులు వెలిసినట్టు అవుతాయి.

అక్షరాలున్న చిత్రాలు, స్కాన్ పత్రాలు

పత్రిక క్లిప్పింగులు, ఆహ్వాన పత్రికలు, ఉత్తర్వుల కాపీలు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో నిత్యం తిరుగుతుంటాయి. తెలుగు లిపిలో అర్థభేదం తరచూ చిన్న గుర్తుల మీద ఆధారపడుతుంది. ‘ప’, ‘ష’లకు, ‘డ’, ‘ఢ’లకు తేడా చిన్న గీతే. వత్తులు అక్షరం కింద సగం ఎత్తులో కుదురుకుంటాయి. కొలత తగ్గించినప్పుడు ముందు మాయమయ్యేవి ఇవే. ఇంగ్లిష్ అక్షరాలు చదవగలిగిన కొలతలో తెలుగు వత్తులు ముద్దగా అయిపోవచ్చు. కాబట్టి కొలత నిర్ణయించేటప్పుడు పెద్ద శీర్షికను కాక, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లోని వత్తును చూసుకోవాలి. స్క్రీన్‌షాట్ అయితే పీఎన్‌జీ లేదా నష్టం లేని వెబ్‌పీ మేలు. వీలున్నచోట అసలు అక్షరాలను బొమ్మగా కాక టెక్స్ట్‌గానే పెట్టడం అన్నిటికంటే తేలిక.

స్కాన్ చేసిన పేజీలో నలుపు, తెలుపు మాత్రమే ఉంటే పిక్సెల్‌కు ఒక బిట్ చాలు. ఇరవై నాలుగు బిట్ల రంగు స్కాన్‌తో పోలిస్తే అది మొదటే 24వ వంతు. ఆపైన ఫ్యాక్స్ కోసం పుట్టిన గ్రూప్ 4, తర్వాతి తరం జేబిగ్2 పద్ధతులు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. జేబిగ్2లో ఒకేలా కనిపించే అక్షరాలను గుర్తించి, ఒకదాని బొమ్మనే అన్నిచోట్లా వాడే ఏర్పాటు ఉంది. దాని ప్రమాదం 2013లో బయటపడింది. జర్మనీకి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీజెల్, జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రం స్కాన్ చేసిన ఒక భవన నక్షాలో మూడు వేర్వేరు గదుల విస్తీర్ణాలూ 14.13 చదరపు మీటర్లుగానే పడ్డాయని చూపించారు. అసలులో మిగతా రెండూ 21.11, 17.42. బొమ్మ ఎక్కడా మసకబారలేదు, అంకెలు మాత్రం స్పష్టంగా తప్పుగా ఉన్నాయి. సంస్థ తర్వాత సవరణ సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. బిల్లులు, భూమి పత్రాలు, ప్రిస్క్రిప్షన్ల వంటివాటికి ఈ రకం కుదింపు తగదు.

దరఖాస్తు ఫారాల కేబీ పరిమితి

సైజు తగ్గించాల్సిన అవసరం ఎక్కువమందికి ఎదురయ్యేది ఆన్‌లైన్ దరఖాస్తుల్లో. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ నోటిఫికేషన్లు ఫోటోకు 200 × 230 పిక్సెళ్ల కొలతను, 20 నుంచి 50 కేబీల సైజును అడుగుతూ వచ్చాయి. సంతకానికి 140 × 60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీలు. ఈ అంకెలను దగ్గరగా చూస్తే కొలత, నాణ్యతల సంబంధం బాగా తెలుస్తుంది.

200 × 230 అంటే 46,000 పిక్సెళ్లు. కుదించకుండా ఉంచినా 1,38,000 బైట్లు. దాన్ని 50 కేబీలకు తేవాలంటే మూడో వంతుకు కుదిస్తే చాలు, కాబట్టి మంచి నాణ్యతలోనే సరిపోతుంది. క్రాప్ చేయకుండా 4000 × 3000 ఫోటోను నాణ్యత తగ్గించి 50 కేబీలకు దించాలంటే మాత్రం 36 ఎంబీలను 700 రెట్లకు పైగా కుదించాలి. ముఖం గడులు గడులుగా మారేది అప్పుడే. సంతకం విషయంలో ఇబ్బంది తలకిందులుగా వస్తుంది. 8,400 పిక్సెళ్లకు అసలు ఉండేవే 25,200 బైట్లు. తెల్ల కాగితం మీద నాలుగు గీతలు మామూలు నాణ్యతలో కనీస పరిమితి 10 కేబీల కన్నా తక్కువకే వచ్చి, ‘సైజు చాలదు’ అని తిరస్కరణ ఎదురుకావచ్చు. నాణ్యత పెంచడం, నోటిఫికేషన్ ఒప్పుకుంటే కొలతను కొంత పెంచడం దీనికి మార్గాలు.

మెసెంజర్లు, ఈమెయిల్

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఆ యాప్ స్వయంగా కొలత తగ్గించి, మళ్లీ కుదిస్తుంది. 2023లో హెచ్‌డీ ఎంపిక వచ్చినా, అదీ అసలు ఫైలు కాదు. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది, లొకేషన్‌తో సహా ఎగ్జిఫ్ కూడా దానితోనే వెళ్తుంది. అచ్చుకు వెళ్లాల్సిన ఫోటోను ఫ్లెక్సీ దుకాణానికో పత్రికకో పంపేవారికి డాక్యుమెంట్ దారే సరైనది. ఫోటోను డౌన్‌లోడ్ చేసి, స్క్రీన్‌షాట్ తీసి, మరో యాప్‌లో ఎక్కించి తిప్పితే ప్రతి మజిలీలో నష్టం పేరుకుంటుంది.

ఈమెయిల్‌లో అటాచ్‌మెంట్లు ప్రతి మూడు బైట్లకు నాలుగు అక్షరాల చొప్పున మారి ప్రయాణిస్తాయి. అందువల్ల సైజు మూడో వంతు పెరుగుతుంది. జీమెయిల్ పరిమితి 25 ఎంబీ అయినా అంతకన్నా చిన్న ఫైళ్ల దగ్గరే అది అడ్డుపడటానికి కారణం ఇదే.

వెబ్‌సైట్ల ఏర్పాట్లు

ఒకే ఫోటోను చిన్న ఫోన్‌కూ పెద్ద తెరకూ ఒకే సైజులో పంపడం వృథా. హెచ్‌టీఎంఎల్‌లోని సోర్స్‌సెట్ ఏర్పాటుతో ఒకే చిత్రానికి నాలుగైదు కొలతలు సిద్ధంగా ఉంచితే, బ్రౌజర్ తన తెరకు తగినదాన్ని ఎంచుకుంటుంది. పిక్చర్ ట్యాగ్‌తో ఏవీఐఎఫ్, వెబ్‌పీ, జేపెగ్‌లను వరుసగా ఇవ్వొచ్చు. పాత బ్రౌజర్‌కు చివరిది దక్కుతుంది. పేజీ కిందిభాగంలోని ఫోటోలు అక్కడిదాకా జరిపాకే దిగేలా లేజీ లోడింగ్ పెట్టొచ్చు. పేజీ తెరవగానే కనిపించే ప్రధాన ఫోటోకు మాత్రం దాన్ని పెట్టకూడదు. గూగుల్ ప్రమాణంలో పేజీలోని అతి పెద్ద అంశం 2.5 సెకన్లలోపు కనిపించాలి, చాలా పేజీల్లో ఆ అంశం ఫోటోయే.

వర్డ్‌ప్రెస్ ఇందులో చాలా పని తానే చేస్తుంది. 2015 చివర్లో వచ్చిన 4.4 నుంచి అది వేర్వేరు కొలతలను బ్రౌజర్‌కు అందిస్తోంది. 2019 నాటి 5.3 నుంచి 2560 పిక్సెళ్లు మించిన ఫోటోలకు తగ్గించిన ప్రతిని తయారుచేసి వాడుతోంది. 2021లో వెబ్‌పీని, 2024లో ఏవీఐఎఫ్‌ను చేర్చుకుంది.

తగ్గించకూడని చోట్లు

తెలుగు వికీపీడియాలో కనిపించే ఫోటోల్లో చాలావాటికి నెలవు వికీమీడియా కామన్స్. అక్కడ అందుబాటులో ఉన్న అతి పెద్ద కొలతలోనే ఎక్కించమంటారు, చిన్న ప్రతులను సాఫ్ట్‌వేర్ స్వయంగా తయారుచేస్తుంది. అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్లు వాడుక కాబట్టి, ఎనిమిది అంగుళాల వెడల్పు ఫోటోకు 2400 పిక్సెళ్లు కావాలి. వెబ్ కోసం 1200కు తగ్గించిన ప్రతి దానికి చాలదు. శాసనాలు, తాళపత్రాలు, పాత కుటుంబ ఫోటోల స్కాన్లను నష్టం లేని రూపంలో, పూర్తి కొలతలో దాచాలి.

కాబట్టి కుదింపు ఎప్పుడూ ప్రతి మీదే జరగాలి, అసలు ఫైలును వేరుగా, పేరు మారకుండా ఉంచాలి. ప్రతి కొత్త అవసరానికీ ఆ అసలు నుంచే కొత్త ప్రతి తీయాలి, ఒకసారి తగ్గించినదాన్ని మళ్లీ తగ్గించకూడదు. చిన్న ఫోటోను ఏఐతో పెద్దది చేసే పరికరాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. అవి పోయిన వివరాన్ని వెనక్కి తేవు, అక్కడ ఏముండి ఉండొచ్చో ఊహించి గీస్తాయి.